జేబులో సుద్దముక్క

నమ్మనివాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళిపోవచ్చు. చెప్పడం మొదలెట్టాక మాత్రం నేను ఆగను. మా ఏటిగట్టు హైస్కూలు హెడ్మాస్టరు సోమేశ్వరం గారు గొంతెత్తి లెక్క అడిగితే, అవతలి ఒడ్డున పడవ ఎక్కబోయేవాడు తననే అనుకుని జవాబు చెప్పేవాడు. ఆయన బోర్డు మీద సున్నా చుడితే, ఆ రాత్రి పున్నమి చంద్రుడే కాస్త వంకరగా కనబడేవాడు. అంతటి మనిషి, హెడ్మాస్టరయ్యాక కూడా జేబులో సుద్దముక్క లేకుండా బడి గేటు దాటి ఎరగరు. నేనక్కడ డ్రిల్లు మాస్టర్ని, ఇదంతా కళ్ళారా చూసినవాణ్ణి.

ఒకనాడు ఆయన పాత శిష్యురాలు భ్రమరాంబ వచ్చింది. పొరుగూరి బళ్ళో లెక్కల టీచరు. హెడ్మిస్ట్రెస్‌గా ప్రమోషన్ వచ్చింది. ఒప్పుకునేదీ లేనిదీ ఆ సాయంత్రంలోగా చెప్పాలి.

"వద్దని రాసిచ్చేద్దామనుకుంటున్నాను మాస్టారూ. పాఠం చెప్పడం తప్ప నాకేం వచ్చు? ఆ కుర్చీ ఎక్కితే అదీ పోతుంది కదా?"

ఆయన "రామ్మా" అని తొమ్మిదో తరగతి వైపు నడిచారు. ఆ గది గోలకి పైన పెంకులు లేచి పడుతున్నాయి. కొత్తగా చేరిన సన్యాసిరావు బోర్డు దగ్గర చెమటలు కక్కుతున్నాడు.

సోమేశ్వరం గారి చెయ్యి జేబులోకి వెళ్ళింది.

"మీరు అందుకోండి మాస్టారూ, పాపం కుర్రాడు" అంది భ్రమరాంబ మెల్లగా.

జేబులోకి వెళ్ళిన చెయ్యి బయటికి రాలేదు. ఆయన లోపలికెళ్ళి ఆఖరి బెంచీలో ఇరుక్కుని కూర్చుని, రెండో చెయ్యి ఎత్తారు.

"సన్యాసిరావు మాస్టారూ, ఆ లెక్కలో మూడో వరుస ఎలా వచ్చిందో నాకు బోధపడలేదు. ఇంకోసారి చెబుతారా?"

చీమ తుమ్మితే వినబడేంత నిశ్శబ్దం. సన్యాసిరావు మొదలెట్టాడు, మధ్యలో తడబడ్డాడు. సోమేశ్వరం గారి జేబు కదిలింది గానీ పెదవి కదల్లేదు. కుర్రాడు తుడిచాడు, మళ్ళీ రాశాడు, ఈసారి గట్టెక్కాడు. అప్పుడు, హాజరు పలకడానికి తప్ప నోరు విప్పని ఆఖరి బెంచీ వాడొకడు లేచాడు.

"నాకూ బోధపడ్లేదు సార్. నేనూ అడగొచ్చా?"

ఆ తర్వాత లేచిన చేతులకి గదిలో వెలుతురు తగ్గింది. గంట కొట్టినా ఒక్కడూ కదల్లేదు.

వరండాలో భ్రమరాంబ అడిగింది: "ఆ లెక్క మీకు రెండు నిమిషాల పని. ఎలా ఊరుకోగలిగారు మాస్టారూ?"

ఆయన జేబులోంచి పిడికిలి తీసి విప్పారు. సుద్దముక్క పిండి పిండి అయిపోయి ఉంది.

"నా సర్వీసులో ఇంత కష్టపడి పాఠం చెప్పిన రోజు లేదమ్మా" అన్నారు, చేతులు దులుపుకుంటూ.

భ్రమరాంబ సన్యాసిరావు దగ్గర ఓ సుద్దముక్క అడిగి తీసుకుని, బ్యాగులో వేసుకుని, ఒప్పుకుంటున్నానని రాసివ్వడానికి వెళ్ళింది.

కోతలంటారా? ఆ సుద్దముక్క ఇచ్చిన సన్యాసిరావు గారినే అడగండి. ఇప్పుడా బడికి ఆయనే హెడ్మాస్టరు. అడిగేముందు ఓసారి ఆయన చొక్కా జేబు చూడండి.