ఎర్నమ్మ ఆపిన పెట్టె

ఊఁ కొడుతూ వినండి, చెబుతాను. మన తాతల కాలానికీ మన కాలానికీ నడుమ జరిగిన మాట.

కొండమీది బడులకి టీవీ పెట్టెలూ పాఠాల క్యాసెట్లూ కొత్తగా ఎక్కిన రోజులవి. పట్నంలో ఎవరో చెప్పిన పాఠం పెట్టెలో ఆడేది. కొండపిల్లలకి ఇక చదువొచ్చేసినట్టేనని పెద్దలు సభలు పెట్టి మరీ చెప్పుకున్నారు.

అప్పుడు ఎర్నమ్మ అని ఒక పంతులమ్మ ఉండేది. పల్లపు ఊళ్ళో, చిన్న బళ్ళో, సగం వయసు గడిపేసింది. నలభై దాటాక డాక్టరేటు చెయ్యాలని బుద్ధి పుట్టింది. "ఈ పెట్టెలు కొండపిల్లలకి ఏం నేర్పుతున్నాయో చూసొచ్చి రాస్తాను" అంది. విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు సరేనన్నాడు. సంచీ భుజాన తగిలించుకుని కొండెక్కింది.

నడిచింది, నడిచింది, గుమ్మిడివలస చేరింది. అక్కడ పెట్టెకి బొట్టు పెట్టి, దండ వేసి, గదిలో పెట్టి తాళం వేశారు. ఊరికి కరెంటే లేదు.

నడిచింది, నడిచింది, జీడివలస చేరింది. అక్కడ పెట్టె ప్రెసిడెంటు గారి నట్టింట్లో ఉంది. అందులో సినిమాలు ఆడుతున్నాయి. కిటికీలోంచి చూడాలంటే పిల్లలు ముందు ఆయన పశువులకి కుడితి పెట్టాలి.

నడిచింది, నడిచింది, కొండలోవ చేరింది. అక్కడ కరెంటుంది, పెట్టె బళ్ళోనే ఉంది, సముద్రం పాఠం ఆడుతోంది. ఎర్నమ్మకి ప్రాణం లేచొచ్చింది. వెళ్ళి వెనక వరసలో కూర్చుంది.

సుక్రి అనే పిల్ల చెయ్యెత్తి లేచి నిలబడింది. "అక్కా, సముద్రం మా ఊరి పక్కన పారే గెడ్డంత ఉంటాదా?" అని పెట్టెలోని మనిషిని అడిగింది. పెట్టె తన మాట తాను చెప్పుకుంటూ పోయింది. పాఠం అయిపోయేదాకా ఆ పిల్ల చెయ్యి దించలేదు.

"మీ పంతులు ఏరమ్మా?" అంది ఎర్నమ్మ.

"పెట్టొచ్చింది గదా, పంతులెందుకని తీసుకుపోనారు."

"నువ్వు రోజూ ఇలాగే అడుగుతావా?"

"అడుగుతాను. ఏదో ఒక రోజు ఇంటాది గదా."

ఎర్నమ్మకి కోపమొచ్చింది. పెట్టె మీద కాదు. దానికి చెవులు లేవు, దాని తప్పేముంది? చెవులుండీ పంతుల్ని పట్టుకుపోయిన వాళ్ళ మీద.

కొండ దిగి, చూసింది చూసినట్టు రాసింది. ప్రొఫెసరు చదివి తల గోక్కున్నాడు. "చివరి అధ్యాయం కాస్త మెత్తబరచండమ్మా" అన్నాడు.

"చూసింది రాశాను సర్" అంది.

తరవాత పెట్టెలు పంపిన పెద్దాఫీసరు కబురు పెట్టాడు. కుర్చీ వేయించి, టీ తెప్పించాడు. "పెట్టెలు బాగా పనిచేస్తున్నాయని ఒక్క ముక్క రాయండి. డాక్టరేటూ మీదే, పట్నంలో మంచి ఉద్యోగమూ మీదే."

"చూసింది రాశాను సర్" అంది.

మూడోసారి మళ్ళీ ఆ ఆఫీసరే పిలిపించాడు, ఈసారి కుర్చీ లేదు, టీ లేదు. "కొండపిల్లల మీద అంత ప్రేముంటే అక్కడికే పొండి" అన్నాడు.

పేరు ముందు ఆ డాక్టరు అనే మాట కోసం ఎన్ని సెలవులు ధారపోసిందో ఎర్నమ్మకే తెలుసు. అయినా, "చూసింది రాశాను సర్. పోతాను" అంది.

డాక్టరేటు రాలేదు. బదిలీ వచ్చింది, కొండలోవకి.

పెట్టెని పగలగొడుతుందేమోనని ఊరంతా బడి ముందు మూగారు. ఆవిడ దాన్ని తుడిచి, క్యాసెట్టు పెట్టి ఆడించింది. కాసేపు ఆడాక ఆపింది. "ఇప్పుడు మీరు అడగండి" అంది.

సుక్రి లేచి తన మాటే అడిగింది.

"గెడ్డంతా? మన కొండలన్నీ తీసుకెళ్ళి పడేసినా సముద్రం నిండదే" అంది ఎర్నమ్మ. ఆ పిల్ల నోరు తెరుచుకుని కూర్చుండిపోయింది. పెట్టె మళ్ళీ ఆడింది. మళ్ళీ ఆపింది. మళ్ళీ అడిగారు.

తనిఖీవాళ్ళొచ్చి, మధ్యలో ఆపకూడదని ఉత్తర్వు చూపించారు.

"మీ క్యాసెట్టు కాసేపు ఆగితే ఏమీ కాదు సర్. ఈ పిల్లలు ఇప్పటికే చాలా ఆగారు" అంది. ఉత్తర్వు చదివి, మడిచి, వాళ్ళకే ఇచ్చేసింది.

అలా ఏళ్ళు గడిచాయి. ఒక వానాకాలం ఆవిడకి జ్వరం ముదిరింది. పెట్టె కోసం కరెంటు తీగ కొండెక్కింది గానీ, మనిషి కోసం రోడ్డు ఎక్కలేదు. డోలీ కట్టి మోసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది.

ఆవిడ పోయాక పట్నంలో 'ఆపి అడుగు' అని ఒక కొత్త పద్ధతి బయలుదేరింది. పుస్తకం అచ్చయింది. అట్ట మీద పెద్దాఫీసరు బొమ్మ. లోపల ఎక్కడా ఎర్నమ్మ పేరు లేదు. ఆవిడ జాగాలోకి ఇంకో పంతులూ రాలేదు. ఆ పుస్తకం బడికొస్తే, అప్పటికి ఎదిగిన సుక్రి ఆ పేరు కోసం మొదటినుంచి చివరిదాకా వెతికింది. ఏడవలేదు. పళ్ళు కొరుక్కుంది.

అప్పట్నుంచీ ఆ కొండల్లో ఒక ఆనవాయితీ. పెట్టె గానీ, ఫోను గానీ పాఠం చెబుతుంటే ఎవరో ఒకరు మధ్యలో ఆపుతారు. "ఎర్నమ్మ ఆగమంది" అంటారు. ఎవరైనా ఒకటి అడిగితేనే మళ్ళీ ఆడిస్తారు.

పెద్దలొచ్చి మైకు పట్టుకున్నా అంతే. మాట జోరందుకోగానే ఎవరో ఒకావిడ లేచి, "ఎర్నమ్మ ఆగమంది బాబూ" అంటుంది. మైకు ఆగుతుంది.

"మా బడికి పంతులు ఎప్పుడొత్తాడు?"

అడిగి కూర్చోరు. జవాబు వచ్చేదాకా ఊరంతా అలా నిలబడే ఉంటారు.