ఓబులపతి సార్ తువ్వాలు

"సార్, బంతి కాలికి తగిలిందంటే నాకు ఏమీ తోచదు. నేను కుదురుకునేది ఎప్పుడు సార్?" అని మా కాలేజీ ఫుట్‌బాల్ టీము కెప్టెన్ వన్నూరప్ప ఆఖరి మ్యాచికి ముందురోజు తన కోచ్ ఓబులపతి సార్‌ను అడిగాడు. ఆ ఏడాది ఆడిన ఆరు మ్యాచులూ ఓడిపోయాం. ఏడోది కనీసం డ్రా అయినా చెయ్యకపోతే ఇక టీమే ఉండదని ప్రిన్సిపాల్ తేల్చి చెప్పేశారు. సార్ ఏమీ విననట్టు బూటు లేసులు కట్టుకుంటూ కూర్చున్నారు.

ఆయనకొక అలవాటు ఉండేది. మైదానం గీత పక్కన నిలబడి తెల్ల తువ్వాలుతో సైగలు చేసేవారు. తువ్వాలు కుడి భుజం మీదికొస్తే బంతి కుడికి, ఎడమ భుజం మీదికొస్తే ఎడమకి, తలమీదికొస్తే నేరుగా గోలుకి. మావాళ్లు బంతి అందుకోగానే తలెత్తి తువ్వాలు చూసేవాళ్లు, ఆ తర్వాతే తన్నేవాళ్లు. ఈ గుట్టు అనంతపురం జిల్లా అంతా పాకింది. ఎదుటి జట్లు మావాళ్లకంటే ముందే తువ్వాలు చూసి అడ్డం పడేవి. మేనేజరు పేరుతో టీము వెంట తిరిగే వృక్షశాస్త్రం లెక్చరర్ని నేను. నాకే అర్థమైన సంగతి ఈయనకెందుకు తోచదని లోలోపల ఉడికిపోయేవాణ్ని.

మర్నాడు మ్యాచ్ మొదలవుతుండగా సార్ తువ్వాలును నాలుగు మడతలు పెట్టి కుర్చీలో పరిచారు. కుర్చీని మైదానానికి వెనక్కి తిప్పి, దాని మీద కూర్చున్నారు. జనం ఈలలు వేశారు. వన్నూరప్ప బంతి దొరికినప్పుడల్లా మావైపు చూడడం, సార్ వీపు కనబడడం, ఆలోగా బంతి పోవడం. పదో నిమిషంలోనే మాకు గోలు పడింది.

"తిరగండి సార్, కొంప మునుగుతోంది" అన్నాను. ఆయన తిరగలేదు. కానీ జనం అరిచిన ప్రతిసారీ "ఏమైంది?" అని అడుగుతారు, చెప్పబోతే "వద్దు, వద్దు" అంటారు. అప్పటిదాకా ఆయన మీద ఉన్న కోపమంతా పోయి, జాలేసింది.

రెండో సగంలో వన్నూరప్ప ఇటు చూసి ఏదో తిట్టాడు. బహుశా మమ్మల్నే. ఆ తర్వాత చూడడం మానేశాడు. "ఒరేయ్, ఈపక్కకు రా!" అని తనవాళ్ల మీద అరవడం మొదలుపెట్టాడు. ఇంకో నాలుగు నిమిషాల్లో ఆట ముగుస్తుందనగా ఇద్దరిని తప్పించుకుని గోలు కొట్టాడు. ఒకటీ ఒకటితో మ్యాచ్ డ్రా అయింది, టీము నిలిచింది.

విజిల్ మోగగానే గీరుకుపోయిన మోకాళ్లతో పరుగెత్తుకొచ్చాడు. కోపమో ఏడుపో వాడికే తెలియడం లేదు. "ఒక్కసారి గూడా తిరగకపోతిరే సార్! నా గోలన్నా చూసినారా?"

"లేదప్పా" అన్నారు సార్. "తన్నేముందు నువ్వు నన్ను చూసినావా?"

వన్నూరప్ప లేదన్నట్టు తలూపాడు.

"అయితే ఇద్దరికీ సరిపాయ" అన్నారు సార్.