క్యారవాన్‌లో నీళ్ళు రాని రోజు

మోటారు తిరుగుతూనే ఉంది. కుళాయి విప్పితే మాత్రం దారమంత ధార. అది కూడా ఉండుండి తెగిపోతోంది.

ఆ ఉదయం శీలానందకు వచ్చిపడిన కష్టం ఇదే. అతను సుమేధ భంతే అనే బౌద్ధ భిక్షువు దగ్గర శిష్యుడిగా చేరి, ఇంకా పూర్తి భిక్షువు కావలసిన కుర్రవాడు. గురువుకు డెబ్బై దగ్గర పడుతున్నాయి. ఇద్దరూ ఒక పాత క్యారవాన్‌లో ఊళ్ళు తిరుగుతుంటారు. ఒకప్పుడు అది సినిమా షూటింగులకు అద్దెకు తిరిగిన బండి. ముసలిదైపోయి హీరోలెవరూ ఎక్కనన్నాక, యజమాని దాన్ని భంతేకు దానంగా ఇచ్చాడు. లోపల పెద్ద అద్దం, అద్దం చుట్టూ బల్బులు ఇప్పటికీ ఉన్నాయి. మేకప్ సామాను పెట్టుకునే అరల్లో ఇప్పుడు దూది, కట్టుగుడ్డలు, పుండ్ల మందులు ఉన్నాయి.

నెలకోసారి ఆ బండి విజయనగరం దాటి, కొండల వెనక ఉన్న కుష్ఠురోగుల కాలనీకి వెళ్తుంది. అక్కడివాళ్ళకు జబ్బు ఎప్పుడో నయమైంది. పాదాలకు స్పర్శ మాత్రం తిరిగి రాలేదు. రాయి గుచ్చుకున్నా, నిప్పు తొక్కినా తెలియదు. తెలిసేసరికి పుండు పడుతుంది. భంతే ఒక్కొక్కరి పాదాలూ కడిగి, మందు రాసి, కట్టు కడతారు. కిందటేడు వానలకు బండి రాలేకపోయిన నెలలో ఒకాయనకు కాలే తీసేయాల్సి వచ్చింది.

ఇప్పుడు నడి వేసవి. కాలనీ బోరు ఎండిపోయింది. తాగే నీళ్ళే బిందెలతో ఎక్కడినుంచో మోసుకొస్తున్నారు. కాళ్ళు కడగడానికి ఉన్న నీళ్ళన్నీ బండి ట్యాంకులోనే ఉన్నాయి. జనం అప్పటికే వచ్చి బండి నీడన కూర్చున్నారు.

"మీరు కూర్చోండి భంతే. నీళ్ళు పారించాకే నేను ఇక్కణ్ణుంచి లేస్తాను" అన్నాడు శీలానంద. అన్నాడంటే చేసి తీరే రకం. ఉడుం పట్టు.

ముందు కుళాయి మూతికున్న జాలీ విప్పి కడిగాడు. ఇసుక రేణువులు రెండు రాలాయి. ధార పెరగలేదు. పైపు విప్పి నోటితో ఊదాడు. గాలి సాఫీగా పోయింది. కీళ్ళన్నీ విప్పి, కొత్త టేపు చుట్టి, మళ్ళీ బిగించాడు. ఫలితం లేదు. మోటారునే ఊడదీసి, దాని పైపు తీసుకెళ్ళి తాగేనీళ్ళ క్యాన్‌లో ముంచి స్విచ్ వేశాడు. నీళ్ళు ఎగజిమ్మి అద్దం మీద పడ్డాయి.

"మోటారు బంగారంలా ఉంది భంతే!" అన్నాడు, మొహం తుడుచుకుంటూ. "దోషం దాని వెనక ఉంది."

"వెనక ఏముంది?"

"ఈ పైపు ముక్క."

ఆ ముక్క మార్చాడు. మళ్ళీ దారమే వచ్చింది.

"దాని వెనక?" అన్నారు భంతే.

"ఇంకేముంది, ట్యాంకే. అక్కడ ఏ దోషమూ ఉండదు భంతే. లోపల పైపు మూతికి గుడ్డ కట్టింది నేనే. రెండు మడతలు వేసి కట్టాను. చీమ కూడా దాటలేదు."

"అలాగా" అన్నారు భంతే.

ఆ గుడ్డ సంగతి చెప్పాలి. భిక్షువుకు సొంతమని ఉండేవి ఎనిమిదే వస్తువులు. వాటిలో నీళ్ళు వడపోసుకునే గుడ్డ ఒకటి. నీళ్ళలోని చిన్న ప్రాణి కూడా తమవల్ల చావకూడదని ఆ నియమం. బావి దగ్గర నీళ్ళు వడపోసి, గుడ్డను మళ్ళీ ఆ బావిలోనే జాడిస్తారు. చిక్కిన పురుగు బతికి తన చోటికి పోతుంది.

నియమాల్లో శీలానంద గురువుకంటే నాలుగాకులు ఎక్కువే చదివాడు. ఒకనాడు గ్లాసులో దోమపిల్ల ఒకటి కనిపించేసరికి అతని ప్రాణం గిలగిల్లాడింది. ట్యాంకు మూత విప్పి, లోపల పైపు మూతికే గుడ్డ కట్టేశాడు. అక్కడ కట్టాక ట్యాంకులో నీళ్ళు పోసేటప్పుడు వడపోయడం దేనికని అది మానేశాడు. ఈ ఏర్పాటు గురించి వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ చెప్పుకున్నాడు కూడా. అప్పుడూ భంతే "అలాగా" అనే అన్నారు.

ఇప్పుడు ఆయన ఒంటి మీది కాషాయ చీవరం పైకి దోపుకుని, ముక్కాలిపీట తీసుకుని కిందికి దిగారు. బండి గోడకు బయటివైపు బిగించిన కుళాయి దగ్గర కూర్చుని, వరసలో ముందున్న ఎర్రునాయుడు అనే ముసలాయన కాలిని ఒళ్ళోకి తీసుకున్నారు. కుళాయి విప్పారు. దారం వచ్చింది. దాని కింద దోసిలి పట్టారు.

దోసిలి నిండడానికి చాలాసేపు పట్టింది. ఆ నీళ్ళు మెల్లగా పుండు మీద పోసి, మళ్ళీ దోసిలి పట్టారు.

"సినిమావోల్ల బండి కదా సామీ" అన్నాడు ఎర్రునాయుడు. "నీల్లు కూడా ఏసాలేత్తన్నాయి."

నీడన ఉన్నవాళ్ళు నవ్వారు. భంతే కూడా నవ్వారు. కిటికీలోంచి చూస్తున్న శీలానందకు మాత్రం నవ్వు రాలేదు.

అతను మళ్ళీ మోటారు విప్పాడు. బంగారంలా ఉందని తానే చెప్పిన మోటారును విప్పి, వాషర్లు తీసి, తుడిచి, పెట్టి, స్విచ్ వేశాడు. మళ్ళీ అదే దారం. కిటికీలోంచి చూశాడు. ఇంకా అదే కాలు. ఎండ ఎక్కుతోంది. బండి నీడ కురచవుతోంది. వెనకవాళ్ళు ముందుకు జరుగుతున్నారు. ఒకామె కొంగుతో తన కాలి మీది ఈగలు తోలుకుంటోంది.

అంతలో ధార తెగిపోయింది.

భంతే చెయ్యి తీయలేదు. ఖాళీ కుళాయి కింద దోసిలి అలాగే పట్టుకుని కూర్చున్నారు. కిటికీ వైపు ఒక్కసారి కూడా తలెత్తి చూడలేదు. ఆయన తిట్టినా బాగుండును అనిపించింది శీలానందకు.

చేతిలోని స్పానర్ పక్కన పడేశాడు. మంచం కింద పేర్చిన మందుల పెట్టెలు ఒక్కొక్కటీ లాగేశాడు. వాటి వెనకున్న ట్యాంకు మూత స్క్రూలు తుప్పుపట్టి కదలనన్నాయి. అరచేతి తోలు లేచిపోయినా వదల్లేదు. మూత ఊడింది. భుజం దాకా చెయ్యి పెట్టి లోపల తడిమాడు.

గుడ్డ పైపు మూతిలోకి పీల్చుకుపోయి, బిరడాలా బిగుసుకుని ఉంది. జారుడుగా, చల్లగా తగిలింది. ముడి విప్పి లాగాడు. పైపు ఒక్కసారి గుటక వేసినట్టు శబ్దం చేసింది. బయట కుళాయిలోంచి నీళ్ళు భళ్ళున దూకాయి.

"వచ్చీసింది సామీ! వచ్చీసింది!" అని ఎర్రునాయుడు కేక పెట్టాడు.

శీలానందకు ఆ కేక వినబడలేదు. అతను గుడ్డను వెలుగులోకి తెచ్చి మడత విప్పి చూస్తున్నాడు. నాచులో చిక్కుకుని దోమపిల్లలు, రెక్కల పురుగులు, నల్ల చీమలు, వెంట్రుకంత సన్నటి ఎర్రటి పురుగులు ఉన్నాయి. ఒక్కటీ కదలడం లేదు. గాలీ వెలుతురూ లేని చోట, జాడించి వదిలే చెయ్యి రాక, ఎన్నాళ్ళ క్రితం చచ్చాయో. ఒక్క ప్రాణిని కాపాడాలని కట్టిన గుడ్డ అది.

ఆ గుడ్డను రెండు చేతుల్లో పట్టుకుని కిందికి దిగాడు. కుళాయి ధారగా పోస్తోంది. భంతే వేళ్ళ సందుల్లోంచి ఎర్రునాయుడి పాదం మీదికి నీళ్ళు పరిగెడుతున్నాయి.

"భంతే..."

ఆయన తల తిప్పి గుడ్డ వైపు చూశారు. శిష్యుడి చేతుల వైపు చూశారు. మళ్ళీ పాదం వైపు తిరిగారు.

"నావల్ల ఇన్ని ప్రాణాలు పోయాయి" అన్నాడు శీలానంద. "పొద్దుటినుంచి వీళ్ళందర్నీ ఎండలో కూర్చోబెట్టింది కూడా నేనే. దీనికి ఏం చెయ్యాలో చెప్పండి భంతే. ఉపవాసం ఉండమంటే ఉంటాను. మౌనం పట్టమంటే పడతాను. ఎంత కఠినమైనదైనా సరే."

భంతే కొంచెం పక్కకు జరిగి, తన పక్కన నేల మీద చోటు చేశారు.

"నీళ్ళు వృథాగా పోతున్నాయి నాయనా. ఆ రెండో కాలు పట్టుకో."