కూర్చోలేని తొమ్మిదిమంది

కేదారుడికి కోపం వచ్చింది. గురువుగారి ముందు కదా, దిగమింగుకున్నాడు.

మూడేళ్ల కష్టం అది. ఎప్పటివో యుద్ధాల బాణపు ములుకులు మోకాళ్లలో మిగిలిపోయిన నలభైఇద్దరు ముసలి బంట్లకు, మఠం ఆరోగ్యశాలలో కోసి, ములుకు తీసి, కుట్లు వేసి, మూడునెలలు విప్పొద్దని వెదురుబద్దలు కట్టాడు. తరువాత ఒక్కొక్కరి గడపకూ వెళ్లి ఎలా ఉందో అడిగి తాటాకుల మీద రాశాడు. అందరి పేర్ల పక్కనా ఒకటే మాట: బాగుంది.

ఆ కట్టకు గురువుగారు సోమశివాచార్యులు ముద్ర వేస్తే రాజ్యంలోని ప్రతి సేనావైద్యుడికీ చేరుతుంది. ఆయన వెయ్యడం లేదు.

"ఒక్క తప్పు చూపించండి స్వామీ."

"చూపించడానికి నేనెవర్ని? సోమవారం అందరినీ భోజనానికి పిలువు."

నలభైఇద్దరూ తలపాగాలు చుట్టుకుని, మీసాలు దువ్వుకుని, పెళ్లికొచ్చినట్టు వచ్చారు. మండపంలో నేల మీద విస్తళ్లు వేశారు. పప్పు, పులుసు, బెల్లం పాయసం. ముప్పైముగ్గురు కూర్చున్నారు. తొమ్మిదిమంది స్తంభాలకు ఆనుకుని నిలబడిపోయారు.

"రండి తాతా, అన్నం చల్లారిపోతుంది."

"మాకు ఆకలి లేదయ్యా," అన్నాడు పోలయ్య, పాయసం వైపు చూస్తూ.

కేదారుడి చేతిలో గరిటె ఆగిపోయింది. "మొన్న మీ ఇంటికొస్తే కాలు బాగుందన్నావు కదా?"

"మాకు వైద్యుడూ దళపతే. దళపతి వచ్చి అడిగితే బంటు బాగాలేదంటాడా సామీ? తల తెగినా మా మొండెం బాగుందనే చెబుతుంది."

కూర్చున్నవాళ్లు పగలబడి నవ్వారు. కేదారుడికి నవ్వు రాలేదు.

గురువుగారు ఒక విస్తరి చేతిలోకి తీసుకుని, పోలయ్య పక్కనే నిలబడి తినడం మొదలుపెట్టారు.

కేదారుడు వెళ్లి తాటాకులు తెచ్చుకున్నాడు. ఈసారి ఎలా ఉందని అడగలేదు, బద్దలు ఎన్నాళ్లు ఉంచుకున్నారని అడిగాడు. కూర్చున్నవాళ్లంతా నెల తిరక్కుండానే విసుగెత్తి విప్పి పారేసినవాళ్లు. నిలబడ్డ తొమ్మిదిమందీ వైద్యుడు చెప్పాడని మూడునెలలూ ఉంచుకున్నవాళ్లు.

"నా మాట విన్నందుకా తాతా..." పోలయ్య మోకాలి మీద చెయ్యి వేశాడు.

మర్నాటి నుంచి ఆ తొమ్మిది ఇళ్లూ తిరిగాడు. నువ్వులనూనె కాచి మర్దనా చేశాడు. బిగుసుకుపోయిన మోకాళ్లను రోజుకు కాస్త కాస్త వంచాడు. "చంపుతున్నావయ్యో!" అని ఎవరైనా అరిస్తే, శివుడు పలికినంత సంతోషంగా రాసుకున్నాడు.

కార్తీకమాసంలో ఎనిమిదిమంది మండపంలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. హరహర మహాదేవ అని వాళ్లు పెట్టిన కేకకు గోపురం మీది పావురాలన్నీ లేచిపోయాయి. పోలయ్య మాత్రం నిలబడే ఉన్నాడు. అందరికంటే గట్టిగా అరిచింది అతనే.

కేదారుడు కొత్త కట్ట తెచ్చి గురువుగారి ముందు పెట్టాడు. ఆయన మొదటి ఆకు చదివారు.

'పోలయ్య. మోకాలు వంగలేదు. తప్పు నాది. బద్దలు నెల దాటి ఉంచకండి.'

"కూర్చున్నవాళ్ల పేర్లేవి?"

"కింద ఉన్నాయి స్వామీ."

గురువుగారు కట్టకు తాడు చుట్టి, లక్క కరిగించి పోశారు. ముద్ర చేతిలోకి తీసుకుని తల ఎత్తారు.

"పోలయ్యా, ఇలా రా. ఇది నీ చేత్తో వెయ్యి."