లెక్కల గంటలో మంచినీళ్లు

పురుషోత్తం మాస్టారికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే, అది ఎక్కడ పుట్టిందో అక్కడికి వెళ్లి చూసిగాని జవాబు చెప్పరు. ఆయన దగ్గర చదువుకుని పల్లెబడిలో పంతులైన చిదంబరం ఒక సాయంత్రం వచ్చి అడిగాడు.

"పిల్లలకు చదువు రావడం పుట్టుక వల్లనా, ఇంటి వల్లనా, బడి వల్లనా మాస్టారూ? ఆదివారం ఉపాధ్యాయుల సభలో దీనిమీదే వాదన. నాది ఇంటి పక్షం. మా ఐదో తరగతిలో పైడితల్లి అని ఒకతి ఉంది. అమ్మానాన్నలకు అక్షరం ముక్క రాదు. నేను గొంతు చించుకున్నా దానికి భాగహారం ఎక్కదు. బడి మాన్పించి పనిలో పెట్టుకోమని వాళ్ల నాన్నకు కబురు చేశాను. రేపు వచ్చి తీసుకుపోతానన్నాడు."

మర్నాడు మాస్టారు బడికొచ్చి వెనక వరసలో కూర్చున్నారు. గురువుగారు చూస్తున్నారని చిదంబరం హుషారుగా బోర్డు మీద లెక్క వేశాడు. బడిలో బోరింగు నీళ్లు ఉప్పన. పంతులుగారికేమో ఊరవతల బావి నీళ్లయితేనే గొంతు దిగుతాయి. చేతిలో సుద్దముక్క వదలకుండా, తల తిప్పకుండా, ఒక వేలు పైకెత్తాడు. పైడితల్లి లేచి బిందె తీసుకుంది. మాస్టారు కూడా లేచి ఆ పిల్ల వెంట నడిచారు.

వాళ్లు తిరిగొచ్చేసరికి గంట కొట్టేశారు. పిల్ల తండ్రి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. చిదంబరానికి ఉక్రోషం వచ్చింది. మీకోసం అంత బాగా చెబితే వినకుండా పోయారేమిటన్నాడు.

మాస్టారి ముఖం కందగడ్డలా ఉంది. అది ఎండ వల్ల కాదు. "ఎప్పట్నించి మోస్తున్నావు తల్లీ?" అని పిల్లను అడిగారు.

"మూడో తరగతి కాణ్ణించి. రోజూ లెక్కల గంటలోనే పంపుతారు సారు. నాను నీళ్లు తెచ్చీసరికి బోర్డు తుడిచేస్తారు."

మూడేళ్లు! ఆ వేలు ఎవరిని లేపుతోందో చిదంబరం ఒక్కనాడూ తిరిగి చూడలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది. ఏం చెయ్యాలో తోచక గ్లాసుతో నీళ్లు ముంచి గురువుగారికి అందించాడు.

ఆయన తాగలేదు. ఎండనపడి వచ్చిన ఆ తండ్రి చేతికిచ్చారు. పైడితల్లిని ముందు వరసలో కూర్చోబెట్టి, చిదంబరం వైపు తిరిగారు.

"ఆదివారం నీ ఇష్టమొచ్చిన పక్షం మాట్లాడుకో. మధ్యలో దాహమేస్తే మాత్రం నువ్వే లేచి వెళ్లు."