నందివర్ధనం మీద కొమ్ము పురుగు

మా ఇంట్లో తెలివికి లోటు లేదు. ఊళ్ళో ఎవరినడిగినా చెప్తారు. చెప్పేటప్పుడు ఎందుకు నవ్వుతారో మాకు తెలియదు గానీ, సంతోషం పట్టలేక నవ్వుతారని మా అన్నయ్య వీరరాఘవులు అంటాడు. మా అందరిలోకి తెలివైనవాడు అన్నయ్య, తర్వాత మా వదిన కనకరత్నం, ఆ తర్వాత నేను. మా నాయనమ్మ బుల్లెమ్మని ఈ వరసలో చేర్చం. మాకున్న తెలివంతా ఆవిడ పెట్టిన భిక్షే.

శ్రావణమాసంలో ఓ పొద్దున వదిన పూజకి పూలు కోద్దామని నందివర్ధనం చెట్టు దగ్గరికి వెళ్ళి, బుట్ట అక్కడే పారేసి వచ్చింది.

"ఏమండీ, కొమ్మ మీద ఏదో ఉంది. పచ్చగా, బొటనవేలంత లావుంది. నీలం కళ్ళేసుకుని నన్నే చూస్తోంది. వెనకాల కొమ్ము కూడా ఉంది."

వెళ్ళి చూశాం. ఉన్నమాటే.

"పురుగుకి ఇంతేసి కళ్ళుండవు. పామే," అన్నాడు అన్నయ్య.

"పాముకి కొమ్ముంటుందా అన్నయ్యా? కొమ్మున్నది పశువు," అన్నాను నేను.

అన్నయ్యకి నా మాట నచ్చింది. అంతే, గడ్డి వేశాం, కుడితి పెట్టాం. అది తల వంచి చూడను కూడా లేదు.

వాకిట్లో నులకమంచం మీద చిక్కుడుకాయలు తుంచుతున్న నాయనమ్మ ఇదంతా విన్నది. "అది పురుగో పామో తేలేదాకా నేనీ గడప తొక్కనర్రా," అని కాళ్ళు మడుచుకుని కూర్చుంది. ఆవిడకి ఉబ్బసం. పైన చూస్తే మబ్బు. తడిసిందంటే ఆయాసంతో ప్రాణం మీదికొస్తుంది. మాకు తెలివితేటలు ఎన్ని ఉన్నా నాయనమ్మ ఒక్కతే ఉంది. భయమేసింది.

పరుగున వెళ్ళి బళ్ళో సైన్సు మాస్టారు పేరయ్య గారిని అడిగాం. "ఆకులు పెట్టి చూడండయ్యా. తింటే పురుగు. పాము ఆకు తినదు," అన్నారాయన.

ఇంటికొచ్చిన ప్రాణికి పచ్చి ఆకు పెట్టడం మా వదిన వల్ల అయ్యే పని కాదు. నందివర్ధనం ఆకు సన్నగా తరిగి, కందిపప్పులో వేసి, ఇంగువ తాలింపు పెట్టి, నెయ్యి వేసి, చెట్టు కింద విస్తట్లో వడ్డించింది. ముట్టలేదు. పైన కొమ్మ మీదే కూర్చుని పచ్చి ఆకులు నములుతూ సగం చెట్టు బోడి చేసింది.

"పెట్టింది తినలేదు. అయితే పామే," అని తేల్చాడు అన్నయ్య. ఇంకేముంది, నాయనమ్మ మంచం ఇంకాస్త దూరం జరిపించుకుంది.

నేను మళ్ళీ బడికి పరుగెత్తాను. పేరయ్య గారు నెత్తి కొట్టుకున్నారు. "మీరేమీ పెట్టొద్దు, ముట్టుకోవద్దు. బడి వదలగానే నేనే వస్తాను. అందాకా దాన్ని కళ్ళార్పకుండా చూస్తూ ఉండండి, చాలు."

చూశాం. ముగ్గురం వరసగా గొంతుక్కూర్చుని చూశాం. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా రెప్ప వెయ్యలేదు. అది చెట్టు దిగింది, చూశాం. వాకిట్లో పాకుతూ బయల్దేరింది, చూశాం. మా కోడిపెట్ట వచ్చింది, ముక్కున కరిచింది, మింగింది. అదీ చూశాం. చూడ్డంలో మాత్రం మాకు ఎవరూ వంక పెట్టలేరు.

ఈలోగా చినుకు మొదలైంది. నాయనమ్మ కొంగు నెత్తిన వేసుకుని దగ్గుతోంది. లోపలికి రమ్మంటే, "గడప తొక్కనన్నానా," అంటుంది. అప్పుడు అన్నయ్యకి తట్టింది. గడపే లేకపోతే తొక్కే పనే ఉండదు కదా. అంతే, గునపం తెచ్చాడు. నేనూ ఓ చెయ్యి వేశాను. తాతల నాటి టేకు గడప, దాంతోపాటు ఒక తలుపు రెక్క, పెళపెళమంటూ ఊడొచ్చాయి.

"ఇక రావే నాయనమ్మా."

"గడప లేనిది ఇల్లెలా అవుతుందిరా? నేను రాను."

మాస్టారు గొడుగేసుకుని వచ్చారు. "ఏదయ్యా ఆ పురుగు?"

వదిన కోడిపెట్టని తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. "ఇందులో ఉందండి. మేం కళ్ళారా చూశాం."

మాస్టారు కోడిని, మమ్మల్ని, ఊడిన గడపని మార్చి మార్చి చూశారు. "అది పురుగేనమ్మా. గన్నేరు మీదా నందివర్ధనం మీదా అలాంటివి పెరుగుతాయి. అవి కళ్ళు కావు, పిట్టల్ని బెదిరించే మచ్చలు. ఆ కొమ్ము కుట్టదు. ఉండనిచ్చి ఉంటే రెక్కలొచ్చి ఎగిరిపోయేది."

వదిన కోడి రెక్క ఎత్తి చూసింది. "అప్పుడే వచ్చేశాయండీ," అంది.

మాస్టారు కోడిని కింద దింపి, గొడుగేసుకుని వెళ్ళిపోయారు.

ఏమైతేనేం, తేలిపోయింది. "ఇక గడప తొక్కుతాను," అని నాయనమ్మ లేవబోయింది. మోకాళ్ళు పట్టేసి మళ్ళీ మంచం మీదే కూలబడింది. వాన జోరందుకుంది. ఆవిణ్ణి మోసుకురావాలా, గడపని మోసుకుపోవాలా? ఊడిపోయి ఉంది గనక గడపే తేలిక. అన్నయ్య ఒక కొస, నేనొక కొస పట్టుకుని తెచ్చి మంచం ముందు వేశాం. వదిన పసుపు రాసి బొట్లు పెట్టింది. నాయనమ్మ రెండు కాళ్ళూ దాని మీద ఆనించి, "హమ్మయ్య, ఇంట్లోకి వచ్చి పడ్డాను," అంది.

మాకు ప్రాణం లేచొచ్చింది. నాయనమ్మ ఇంట్లో ఉంది. అయినా ఆవిడ నెత్తి మీద ధారగా కారుతూనే ఉంది.

"పెంకులు జరిగినట్టున్నాయి," అన్నాడు అన్నయ్య.

ఇంకేముంది, నిచ్చెన వేసుకుని ఇంటి మీదికెక్కాడు. నేను కింద నిలబడి పెంకులు అందిస్తున్నాను. నాయనమ్మ వాకిట్లో మంచం మీంచి, "ఇంకాస్త ఎడమకి సర్దరా, ఇక్కడింకా కారుతోంది," అంటూనే ఉంది.