గొడుగు అవతలి ఒడ్డుకు మారిన సంగతి

ఈ సంగతి నాకు మొదట చెప్పినవాడు మల్లాడి గంగరాజు. సున్నపుబట్టీల రేవులో పడవ వేసేవాడు. మనిషి వాగుడుకాయే గాని, చూడనిది చూశానని చెప్పే రకం కాదు. తర్వాత ఇదే సంగతి పదిమంది పది రకాలుగా చెప్పగా విన్నాను. మా ఈత సంఘం వాళ్ళు తమ సంచికలో అచ్చు కూడా వేయించారు. నాకు చదువు అంతంతమాత్రం కనుక ఆ సంచిక చదివించుకుని విన్నాను. వినకపోతే బాగుండేది. అవన్నీ పక్కన పెట్టి గంగరాజు నోట విన్నదే చెప్పి రాయిస్తున్నాను.

సున్నపుబట్టీల రేవు గౌతమి పాయ మీద ఉంది. రేవుకి ఎదురుగా ఒక ఇసుకలంక. రెంటికీ మధ్య సన్నగా పారే నీళ్ళు. లంక దాటాక అసలు ఏరు. వరద ఎర్రనీళ్ళు తేరుకున్నాక, కార్తీకం నుంచి ఎండలు ముదిరేదాకా, పల్లాలయ్య గారు ఆ సన్నపాయలో ఈత నేర్పేవారు. ఈ సంగతికి చాలా ఏళ్ళ ముందు నేనూ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆయన పద్ధతి ఆయనదే. శిష్యులు రేవులో దిగి, గట్టు వెంబడే ఎదురీదుతూ పంపు షెడ్డు దాకా పోవాలి. అక్కణ్ణించి వెల్లకిలా పడుకుని, చేతులు ఆడించకుండా, ప్రవాహంతో దిగి రావాలి. మళ్ళీ ఎదురీత. ఎదురీదేవాడికి గట్టు ఎప్పుడూ కుడిచేతి వైపే ఉంటుంది. ఆ గట్టు మీద, కూలిన బట్టీగోడ నీడలో, ముక్కాలిపీట వేసుకుని ఆయన కూచునేవారు. చేతిలో నల్లగొడుగు.

అరవడం ఆయనకి అలవాటు లేదు. నీళ్ళలో ఉన్నవాడి చెవికి నీళ్ళే వినబడతాయి, నేను వినబడను అనేవారు. గొడుగు నిలువుగా ఎత్తితే, బాగుంది సాగు అని. అడ్డంగా పట్టుకుంటే నెమ్మది అని. విప్పితే ఆగమని. అందుకని శిష్యులందరూ ఊపిరికి మొహం తిప్పినప్పుడల్లా గొడుగు వైపే తిప్పేవాళ్ళు. అలా తిప్పమని ఆయన చెప్పలేదు. వద్దనీ చెప్పలేదు. అది అలా అలవాటైపోయింది.

ఆ ఏటి శిష్యుల్లో గట్టివాడు కృపానందం. ఇటుకలు మోసేవాళ్ళ బిడ్డ. శివరాత్రి వెళ్ళాక ఏరు అడ్డంగా దాటే పోటీ ఒకటి జరిగేది. దాంట్లో ముందు వచ్చిన ముగ్గురిని పోర్టు వాళ్ళు లస్కరు పనికి పిలుస్తారని ఆ ఏడు కబురు తెలిసింది. పడవల మీద పని, నెలజీతం, బతికినన్నాళ్ళూ బెంగ ఉండదు. పై ఏటికి కృపానందానికి వయసు దాటిపోతుంది. ఉంటే ఆ ఏడే, లేకపోతే ఇటుకలే.

సరిగ్గా అప్పుడే వాడి ఎడమభుజం పట్టేసింది. చెయ్యి పైకెత్తి ముందుకు వెయ్యబోతే భుజం కొమ్ము లోపల ఏదో రాసుకుంటున్నట్టు ఉండేది. ఆ పక్కకి ఒత్తిగిలి పడుకోలేకపోయేవాడు. వంటాముదం కాచి రాయించుకున్నాడు. ఉప్పుమూట కాపడం పెట్టించుకున్నాడు. సాటి శిష్యుడు భాస్కరమూర్తిని అడిగాడు. ఈ భాస్కరమూర్తి సంఘం పెద్దగారి అబ్బాయి, అడిగినవాడికీ అడగనివాడికీ సలహా చెప్పేవాడు.

"నొప్పి పుట్టిందంటే కండ తయారవుతున్నట్టు. ఇంకో రెండు చుట్లు ఎక్కువ వెయ్యి, అదే లొంగుతుంది" అన్నాడు.

కృపానందం ఎక్కువే వేశాడు. భుజం లొంగలేదు. అన్నం ముద్ద కలుపుతున్నప్పుడు ఎడమచేత్తో కంచం ఒడిసిపట్టుకోవడానికి కూడా కష్టమయ్యేదాకా వచ్చింది. అప్పుడు వెళ్ళి గురువుగారి పీట ముందు నిలబడ్డాడు. గంగరాజు ఆ పక్కనే, నీళ్ళు పట్టకుండా పడవకి కీలు పూస్తున్నాడు.

"గురువుగారూ, ఒక్క మాట అడగాలండి. నొప్పిని ఓర్చుకోవడం ఎలాగండి?"

పల్లాలయ్య గారు వాణ్ణి కిందనుంచి పైకి చూశారు. "చొక్కా తొడుక్కో" అన్నారు.

వాడు గట్టు మీదున్న చొక్కా తీసి, ముందు ఎడమచేతికి ఎక్కించి, నడుం వంచి, మిగతాదాన్ని ఈడ్చుకున్నాడు.

"ఇలా తొడుక్కోవడం ఎప్పట్నించి?"

"చాన్నాళ్ళయిందండి."

"ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"చెబితే పోటీకి వద్దంటారని భయపడ్డానండి."

"ఇప్పుడు మాత్రం అననని నీకెవరు చెప్పారు?"

పల్లాలయ్య గారు గంగరాజుని పిలిచి అరటిబోదె ఒకటి నరుక్కురమ్మన్నారు. బోదె వచ్చాక దాన్ని కృపానందం రొమ్ము కింద పెట్టించారు. నేను చెప్పేదాకా చేతులు నీళ్ళ మీద లేవకూడదు, కాళ్ళే ఆడాలి అన్నారు. సాయంత్రం గట్టు మీద నిలబడి గంగరాజు పడవని తాడుతో ఎదురు లాగమన్నారు. మోచేతులు డొక్కలకి ఆనించుకుని, వీపుతో లాగాలి, భుజంతో కాదు. నొప్పి చురుక్కుమన్న చోట తాడు వదిలెయ్యాలి.

ఇది రేవంతా నవ్వుకోడానికి సరిపోయింది. బోదె పట్టుకునేది నిన్నమొన్న నీళ్ళలో దిగిన పిల్లలు. వాళ్ళ మధ్య ఏరు దాటేవాడు కాళ్ళాడిస్తున్నాడు. రేవులో బట్టలుతికే సింహాచలం చెయ్యి ఆపి మరీ చూసేది.

"ఒరే కిరపా, బోదె ఒక్కటీ చాలదురా! సొరకాయబుర్ర కూడా కట్టమంటావా?"

"నువ్వు కట్టుకో పిన్నీ, బండ మీంచి జారితే పనికొస్తుంది."

"జారితే ఎత్తడానికి నీకు భుజం ఉండొద్దూ!"

గంగరాజు మాత్రం సుఖపడ్డాడు. పడవ దానంతటదే పంపు షెడ్డు దాకా పోతోంది, భుజం బాగుపడకపోతే బాగుండును అని పైకే అనేవాడు.

కొన్నాళ్ళకి వాడు చొక్కా మామూలుగా తొడుక్కోవడం గురువుగారు చూశారు. "రేపు దిగు" అన్నారు.

మర్నాడు కృపానందం దిగేసరికి బట్టీగోడ దగ్గర పీట లేదు. గొడుగూ లేదు. రాలేదేమో అనుకుని ఎదురీత మొదలుపెట్టాడు. ఊపిరికి కుడిపక్కకి తిరిగాడు, ఖాళీ గోడ. మళ్ళీ తిరిగాడు, ఖాళీ గోడే. సగం దారిలో ఆగి, నీళ్ళలో నిలబడి చుట్టూ చూస్తే, అవతలి లంక మీద, ఎండలో, పీట వేసుకుని ఆయన కూచుని ఉన్నారు.

"అక్కడ కూచుంటే నాకు కనబడరండీ!" అని కేకేశాడు.

ఆయన గొడుగు నిలువుగా ఎత్తారు. సాగమని.

సాగాడు. గొడుగు చూడాలంటే ఎడమపక్కకి తిరగాలి. ఆ పక్కకి తిరగడం వాడి మెడకి తెలియదు. నోట్లోకి నీళ్ళు పోయాయి. దగ్గాడు. కాళ్ళు కిందకి దిగిపోయాయి. ఏరు దాటేవాడు కాస్తా నేర్చుకునేవాడిలా అయిపోయాడు. గట్టు మీద సింహాచలం నవ్వు వినబడింది.

సాయంత్రం పడవ తాడు పట్టుకుని గంగరాజు దగ్గర గింజుకున్నాడు. "బాబాయ్, గురువుగారికి నా మీద మనసు విరిగిపోయిందా? పనికిరానివాణ్ణని అవతలికి పోయి కూచున్నారా? ఉన్న రోజులే తక్కువ. నన్ను బాగుచేస్తున్నారా, ముంచుతున్నారా?"

"నన్నడుగుతావేం? లంక మీదకి దింపమన్నారు, దింపాను. అక్కడ నీడ లేదండీ అన్నాను. నీడకి కూచోవాలంటే ఇంట్లో కూచోనా అన్నారు."

అప్పట్నించి పల్లాలయ్య గారి పీట ఎక్కడుంటుందో ఎవరికీ తెలిసేది కాదు. ఒకనాడు గోడ దగ్గర, ఒకనాడు లంక మీద. మిగతా శిష్యులు గురువుగారికి మతి తప్పుతోందని, గొడుగు మాట వదిలేసి ఎప్పట్లా కుడిపక్కకే తిరిగేవాళ్ళు. ఆయన లంక మీద కూచున్ననాడు భాస్కరమూర్తి నీళ్ళలోకే దిగేవాడు కాదు, గొడుగు కనబడని ఈత ఎందుకు అన్నాడట. కృపానందానికి ఆ వీలు లేదు. తిట్టుకుంటూ ఈదాడు. మెల్లగా మెడ రెండు పక్కలా తిరగడం నేర్చింది. చెయ్యి ముందుకు వేసి, మొహం ఒకే పక్కకి తిప్పుకుని, ఆ చాచిన ఎడమచేతి మీదే ఒళ్ళంతా మోపడం తగ్గింది. ముందు ఆ చేతిని తల ముందునుంచి అడ్డంగా అవతలి పక్కకి గుచ్చేవాడు, భుజం రాసుకున్నది అందుకే. ఇప్పుడది భుజానికి సూటిగా పడుతోంది. ఇదంతా పడవ మీంచి చూసింది గంగరాజు. వాడికి ఈత పాఠాలు తెలియవు. "అంతకుముందు కుంటెద్దులా పోయేవోడు, తర్వాత తిన్నగా పోయాడు" అన్నాడు నాతో. నాకు అది చాలు.

పోటీ దగ్గరపడ్డాక గురువుగారు గోడా వదిలేశారు, లంకా వదిలేశారు. గంగరాజు పడవెక్కి, దాన్ని కృపానందం కాళ్ళ వెనకే నడపమన్నారు. ఇప్పుడు వాడు ఏ పక్కకి తిరిగినా గొడుగు లేదు. ఒకచోట ఆగి, మొహం మీది నీళ్ళు తుడుచుకుని అరిచాడు.

"ఎటు చూడమంటారండీ, చెప్పండి!"

పల్లాలయ్య గారు గొడుగుని ఒళ్ళో పెట్టుకున్నారు. వాడే మళ్ళీ ఈదడం మొదలుపెట్టాడు.

పోటీ అవతలి ఒడ్డున మొదలై మా రేవు పైనున్న మెట్ల దగ్గర ముగుస్తుంది. ఆనాడు జనం బాగా వచ్చారు. ఈతగాళ్ళు నీళ్ళలో దూకాక సముద్రం వైపు నుంచి గాలి లేచింది. అలలు కుడిపక్కనుంచి మొహాల మీద కొట్టాయి. మా రేవులో మిగతా శిష్యులందరికీ కుడిపక్కకి తిరగడమే తెలుసు. తిరిగినవాడికల్లా నోటినిండా నీళ్ళు. ఒకరి తర్వాత ఒకరు చెయ్యెత్తారు. భాస్కరమూర్తిని ఏటి నడుమ గంగరాజే చంకల కింద చెయ్యేసి పడవలోకి లాగాడు. ఇది సంచికలో లేదు.

కృపానందం ఎడమపక్కకి తిరిగి ఊపిరి తీసుకుంటూ వచ్చాడు. గాలి కాస్త తగ్గినప్పుడు రెండు పక్కలా తిరిగాడు. మెట్లు ముందుగా తాకింది వాడు కాదు. యానాం వైపునుంచి వచ్చిన ఒక వలవాడు. వాడికి గురువు లేడు. కృపానందం రెండోవాడు. ముగ్గురిలో ఉన్నాడు కనుక పోర్టు వాళ్ళు పేరు రాసుకున్నారు. మెట్ల మీదకి వాణ్ణి లాగడానికి ఎవరో చెయ్యి చాపితే, వాడు ఎడమచెయ్యి పైకెత్తి అందించాడు. అది గంగరాజు చూశాడు, సింహాచలం కూడా చూసింది. ఆవిడ ఆనాడు నవ్వలేదు.

జనం సద్దుమణిగాక వాడు గురువుగారిని వెతుక్కుంటూ పోయాడు, వెనకే గంగరాజూ పోయాడు. ఆయన బట్టీగోడ వెనక కూచుని చుట్ట కాలుస్తున్నారు. అక్కణ్ణించి ఏరు కనబడదు. గొడుగు తేలేదు.

"ఎక్కడ కూచున్నారండీ?" అన్నాడు, ఇంకా ఆయాసంతోనే. "దారిపొడుగునా వెతికానండి. ఎక్కడా కనబడలేదు."

"ఏ పక్క వెతికావు?"

"రెండు పక్కలా వెతికానండి."

పల్లాలయ్య గారు చుట్ట నోట్లోంచి తీశారు. "గాలి నేను కూచున్న వైపే ఉంటుందనుకున్నావేంట్రా ఇన్నాళ్ళూ?"

వాడేమన్నాడో గంగరాజు చెప్పలేదు. నేనూ కల్పించను.

సంఘం సంచికలో మాత్రం ఇలా ఉంది: కృపానందం ఆ ఏడు మొదట వచ్చాడట, రెండు పక్కలా ఊపిరి తీయడం భాస్కరమూర్తి నేర్పాడట, వయసు మీదపడి ఎండకి తాళలేక గురువుగారు పీట అవతలి ఒడ్డుకు మార్చుకున్నారట. సంఘానికి ఇప్పుడు సెక్రటరీ భాస్కరమూర్తే. నేను వెళ్ళి చెబితే, తాతగారూ కూచోండి, టీ తాగండి అన్నాడు. నేను తాగలేదు. అప్పట్నించి ఆ గుమ్మం తొక్కలేదు. రాయడం బాగా వచ్చినవాళ్ళెవరైనా ఆ పేజీ దిద్దించండి. నా పేరు వెయ్యక్కర్లేదు. నీడ గోడ దగ్గర ఉండేది. లంక మీద గడ్డిపోచ నీడ కూడా లేదు.